ఆపద వచ్చిన తొలి నెల

(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



తన పేరు మీద ఏ కార్యక్రమమూ పెట్టొద్దని, ఈరోజు మనం స్మరించుకుంటున్న మన పంతులు సారు బతికుండగానే చెప్పిపోయారు. ఆ మాట మన్నించి ఆయన పేరు అచ్చులో వేయడం లేదు. ఆయన శిష్యులకు ఆ పేరు చెప్పాల్సిన పనీ లేదు. సారు పనిచేసిన ఊళ్లలో ఏ పిల్లవాడైనా వరుసగా బడికి రాకపోతే ఆ ఇంటికి వెళ్లేవారు. వెళ్లిన చోటల్లా దాదాపు ఒకే సంగతి ఎదురయ్యేది. పిల్లవాడికి చదువంటే ఇష్టం పోలేదు. ఇంట్లో ఏదో జరిగింది. తండ్రి తాటిచెట్టు మీంచి పడ్డాడు, తల్లి వరంగల్ ఎంజీఎం దవాఖానలో ఉంది, పాలిచ్చే బర్రె చచ్చింది, అప్పులోళ్లు వచ్చి వాకిట్లో కూర్చున్నారు. అలాంటి ఇళ్ల కోసం ఆయన నలుగురు మిత్రులను కూడగట్టి ఒక చిన్న నిధి పెట్టారు. అందులో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ని కాబట్టే ఈ వేదిక మీద నిలబడే అర్హత నాకు వచ్చిందనుకుంటున్నాను.

ఆ పనిలో నేర్చుకున్న ఒక్క మాటే ఈరోజు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల కార్యకర్తలైన మీ ముందు పెడతాను. ఆపద పడ్డ ఇల్లు నిలబడుతుందా, చితికిపోతుందా అన్నది చాలాసార్లు తొలి నెలలోనే తేలిపోతుంది. కాబట్టి ఎంత ఇచ్చామని అడిగే ముందు ఎప్పుడు ఇచ్చామని అడగాలి. ఇచ్చిన తర్వాత ఎన్నాళ్లు ఆ ఇంటి వెంట ఉన్నామని అడగాలి.

ఒక్క దెబ్బ

పేదరికం అనగానే తరతరాలుగా పేదలుగా ఉన్నవాళ్లే మనకు గుర్తొస్తారు. నిన్నటిదాకా బాగానే బతికి ఈరోజు పడిపోయిన ఇల్లు మన లెక్కలోకి రాదు. అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 3 జిల్లాలు, 36 ఊళ్లు, 5,536 కుటుంబాల పాతికేళ్ల బతుకును పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించారు. ఆ పాతికేళ్లలో నూటికి 14 కుటుంబాలు పేదరికంలోంచి బయటపడ్డాయి. అదే కాలంలో నూటికి 12 కుటుంబాలు కొత్తగా పేదరికంలోకి జారాయి. ఇటు నుంచి ఎంతమంది ఎక్కుతున్నారో అటు నుంచి ఇంచుమించు అంతమంది దిగిపోతున్నారు.

ఆ 3 జిల్లాల్లో ఖమ్మం, నల్లగొండ ఉన్నాయి. అవి మనకు పొరుగే. మహబూబాబాద్ జిల్లాలోని గార్ల, బయ్యారం 2016 దాకా ఖమ్మం జిల్లా మండలాలే. కనుక ఆ అధ్యయనం చెప్పింది మన ఇళ్ల సంగతే.

అందులో మనకు పనికొచ్చే మాట ఇంకొకటుంది. పైకి రావడానికి కారణాలు వేరు, పడిపోవడానికి కారణాలు వేరు. మరో పంట, పట్నంలో ఒక కొలువు, ఒక చిన్న వ్యాపారం ఇంటిని పైకి తెస్తాయి. కిందికి తోసేవి రోగం, దవాఖాన ఖర్చు, ఎక్కువ మిత్తి అప్పు, పెళ్లికీ చావుకీ పెట్టే ఖర్చు. అంటే ఉపాధి పథకాలు ఎన్ని పెట్టినా పడిపోయే దారి తెరిచే ఉంటుంది. దాన్ని మూయడానికి వేరే ఏర్పాటు కావాలి.

ఈ దారి మన ప్రాంతంలో ఎంత పాతదో జనగామ గడ్డ మీద చెప్పనక్కర్లేదు. నిజాం కాలంలో పెళ్లికో చావుకో తెచ్చిన అప్పు కింద మనిషి తన చాకిరీనే కుదువపెట్టేవాడు. దాన్ని భగేలా అన్నారు. ఏళ్ల తరబడి చేసిన చాకిరీ మిత్తి కిందికే పోయేది, అసలు కొడుకు మెడకు చుట్టుకునేది. 1936లో నిజాం సర్కారే భగేలా ఒప్పందాల మీద చట్టం తేవాల్సి వచ్చింది. చట్టం కాగితం మీద ఉండిపోయింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగింది, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం దొరకు ఎదురు నిలిచింది ఆ వెట్టి లోకంలోనే. వెట్టిచాకిరీని దేశమంతటా రద్దు చేసిన చట్టం 1976లో గానీ రాలేదు. ఒక్క ఆపద, ఒక్క అప్పు ఒక వంశాన్ని ఎక్కడికి ఈడ్చుకుపోగలదో మన తాతలకు తెలుసు. రూపం మారింది గానీ ఆ దారి మూసుకుపోలేదు.

మూడు జిల్లాలు, వేర్వేరు ఆపదలు

2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాలోంచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు విడిపడ్డాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు వేరైంది. పటంలో పక్కపక్కనే ఉన్నా ఒక్కో చోట ఇంటి మీద పడే దెబ్బ ఒక్కో తీరుగా ఉంటుంది.

జనగామ మెట్ట ప్రాంతం. బోర్ల మీద బతికే ఎవుసం, తాటివనాలు, పెంబర్తి ఇత్తడి పని. ఇక్కడ మేం ఎక్కువగా చూసింది వట్టిపోయిన బోరు అప్పులు, చెట్టు మీంచి పడ్డ గీత కార్మికుల ఇళ్లు.  గీత వృత్తిలో చెట్టెక్కే మోకు జారితే ప్రాణమైనా పోతుంది, వెన్నుపూసైనా విరుగుతుంది. ప్రాణం పోయిన ఇంటికి నలుగురూ వస్తారు. వెన్ను విరిగి మంచంలో ఉన్న మనిషి ఇంటికి రానురాను ఎవరూ రారు. గీత కార్మికుల కోసం ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం కిట్లు తెచ్చింది. అది మంచి పని. కానీ ఇప్పటికే పడి మంచాన ఉన్నవాళ్ల సంగతి మిగిలే ఉంది.

మహబూబాబాద్ మిరప జిల్లా, తండాల జిల్లా. మిరప చేతికొస్తే ఇల్లు గట్టెక్కుతుంది, పోతే ఇల్లంతా మునుగుతుంది. ఎందుకంటే దాని పెట్టుబడి ఎక్కువ, అది చాలావరకు అప్పే. 2021-22 సీజన్లో నల్ల తామర పురుగు పూతను తినేసినప్పుడు ఎన్నో తోటలు ఎర్రబడకుండానే పోయాయి. మళ్లీ 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో వాన కుమ్మరించింది. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. ఆకేరు పొంగి మరిపెడ మండలం సీతారాం తండాను ముంచింది.

భూపాలపల్లిలో బొగ్గు బావులున్నాయి, చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది, ఆ పక్కనే అడవి ఊళ్లున్నాయి. సింగరేణి పర్మనెంట్ కార్మికుడికి ఏమైనా అయితే ఇంట్లో ఒకరికి కారుణ్య నియామకం అడిగే దారి ఉంది, వెనక యూనియన్ ఉంది. అదే గేటులోంచి లోపలికి పోయే కాంట్రాక్టు కార్మికుడి ఇంటికి ఆ భరోసా లేదు. 2023 జులై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరును ముంచెత్తినప్పుడు జనం పైకప్పులెక్కి, చెట్లెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హెలికాప్టర్లు వచ్చి కాపాడాల్సి వచ్చింది. అప్పుడే పక్క ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అది రికార్డు.

రేషన్ కార్డు ఉన్నవాళ్లకే ఆపద వస్తుందనుకోవద్దు. 2020లో బడులు మూతపడ్డప్పుడు ప్రైవేటు స్కూళ్ల టీచర్లకు జీతాలు ఆగిపోయాయి. ఎంతోమంది కైకిలికి పోయారు, కూరగాయల బండ్లు పెట్టుకున్నారు. 2021 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఎన్నడూ ఒకరి ముందు చెయ్యి చాచని ఇళ్లవి. అడగడం రాని ఇళ్ల దగ్గరికి మనమే పోవాలి.

ఆ నెల రోజుల్లో ఏం జరుగుతుంది

ఇంటి పెద్ద పోయాడనుకోండి. మొదటి రోజు ఊరంతా వస్తుంది. అంత్యక్రియలకు తలా కొంత వేస్తారు. మూడో రోజు దాకా చుట్టాలు వండి పెడతారు. పెద్దకర్మ దగ్గరపడేసరికి ఖర్చు ముందు నిలబడుతుంది. నలుగురికి అన్నం పెట్టకపోతే పరువు పోతుందన్న భయంతో అప్పు చేస్తారు. ఆ అప్పు బ్యాంకులో పుట్టదు. మూడు రూపాయల మిత్తికో, ఐదు రూపాయల మిత్తికో, గిరిగిరి వాళ్ల దగ్గరో పుడుతుంది.

ఇక్కడ ఒక లెక్క చెప్తాను, దయచేసి మనసులో పెట్టుకోండి. నెలకు నూటికి మూడు రూపాయల మిత్తికి లక్ష తెస్తే ఏడాదికి మిత్తే 36,000. ఐదు రూపాయలకు తెస్తే 60,000. భర్త పోయిన మహిళకు వచ్చే ఆసరా పింఛనును 2019లో 2,016 రూపాయలకు పెంచారు. ఆ లెక్కన ఏడాదికి 24,192. అంటే సర్కారు ఏడాదంతా ఇచ్చే పింఛను మొత్తం లక్ష రూపాయల అప్పుకు మిత్తి కింద కూడా సరిపోదు. తొలి నెలలో చేసిన ఆ ఒక్క అప్పు తర్వాత వచ్చే సాయాలన్నిటినీ మింగేస్తుంది.

అదే నెలలో ఇంకో మూడు పనులు జరుగుతాయి. పాలిచ్చే బర్రెను సగం ధరకు అమ్ముతారు. పదో తరగతి చదివే పిల్లను బడి మాన్పించి పత్తి ఏరడానికి పంపిస్తారు. పొలం కాగితాలు అప్పిచ్చినవాడి బీరువాలోకి పోతాయి. ఈ మూడూ పోయాక ఆరు నెలలకు లక్ష రూపాయల చెక్కు పట్టుకుని మీరు ఆ ఇంటికి పోయినా పోయిన బర్రె రాదు, పిల్ల తిరిగి బడికి రాదు. తొలి వారంలో ఐదు వేలు, తొలి నెలలో ఇరవై వేలు ఆ మూడింటినీ ఆపగలవు. మా అనుభవంలో చిన్న మొత్తాలు చేసిన పెద్ద పని అదే.

సాయం ఎలా చేయాలి

సారు పెట్టిన నియమాలు మూడే.

మొదటిది, కబురు అందిన రెండు రోజుల్లో ఎవరో ఒకరు ఆ ఇంటి గడప తొక్కాలి. చేతిలో నెలకు సరిపడా బియ్యం, కందిపప్పు, మంచినూనె, చింతపండు, కారం ఉండాలి, కొంత నగదు ఉండాలి. ఫొటో తీయకూడదు. బ్యానర్ పెట్టకూడదు. గుట్టుగా బతికే ఇంటికి గుట్టుగానే ఇవ్వాలి. పెద్దకర్మ ఖర్చు తగ్గించుకోమని వితంతువుకు చెప్పే హక్కు మనకు లేదు. కానీ కులపెద్దలతో, తండా నాయక్‌తో ముందే మాట్లాడి 'ఈ ఇంట్లో భోజనాలు వద్దు, అందరం చాయ్ తాగి పోదాం' అని వాళ్లతోనే చెప్పించవచ్చు. ఆ ఒక్క మాటతో అప్పు సగానికి తగ్గిన ఇళ్లను చూశాను.

రెండోది కాగితాలు. దానం కన్నా పెద్ద సాయం ఇదేనని నా నమ్మకం. మరణాన్ని 21 రోజుల్లోగా పంచాయతీ కార్యదర్శి దగ్గర నమోదు చేయిస్తే రుసుము లేదు. దాటితే తిరుగుడు మొదలవుతుంది. రైతు బీమా 2018 ఆగస్టులో మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు రావాలి. ఆ వివరాలు పంపేది వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈఓ). పేద ఇంట్లో సంపాదించి పెట్టే మనిషి పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 ఉంది. ఇవన్నీ హక్కులే. అయినా మరణ ధ్రువపత్రంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, బ్యాంకులో మరో పేరు ఉంటే హక్కు అక్కడే ఆగిపోతుంది. నామినీగా పెట్టిన తల్లి ఎప్పుడో చనిపోయి ఉంటుంది, మార్చాలని ఎవరికీ తోచదు.

మహబూబాబాద్ వైపు ఒక ఇంట్లో చూసిన సంగతి చెప్తాను. ఆటో నడిపే మనిషి పోయి ఎనిమిది రోజులైంది. ఏ బీమా లేదని అతని భార్య అంది. మాతో వచ్చిన పొదుపు సంఘం అక్క బ్యాంకు పాసుబుక్కు అడిగి తీసుకుని వెనకటి పేజీలు తిప్పింది. మే నెల చివర 436 రూపాయలు కట్ అయిన గీత కనబడింది. ఇంకో చోట 20 రూపాయలు. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, ఇది సురక్ష బీమా. మొదటిదానికి ఏ కారణంతో పోయినా 2 లక్షలు, రెండోదానికి ప్రమాదంలో పోతే 2 లక్షలు. ఖాతా తెరిచినప్పుడు ఏదో కాగితం మీద సంతకం పెట్టాడు, ఇంట్లో చెప్పలేదు. అడగకపోతే ఆ పైసలు రానట్టే. ఆ అక్క చదివింది ఏడో తరగతి. ఆమె వేలు ఆ గీత మీద ఆగిన చోట ఆ ఇంటి రాత మారింది. కార్యకర్తలందరూ ఆ రెండు అంకెలను గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను.

వరద ఊళ్లలో ఈ పని ఇంకా ముఖ్యం. నీళ్లు పోయాక అన్నం పొట్లాలు, దుప్పట్లు చాలా వస్తాయి. కానీ ఆధార్, పట్టాదారు పాసుబుక్కు, పిల్లల సర్టిఫికెట్లు తడిసి ముద్దయిపోతాయి. ఒక బల్ల వేసుకుని, ల్యాప్‌టాప్, ప్రింటర్ పెట్టుకుని వారం రోజులు ఊళ్లో కూర్చునే ఇద్దరు యువకులు అక్కడ ఒక లారీ దుప్పట్ల కన్నా ఎక్కువ మేలు చేస్తారు.

మూడో నియమం, ఏడాది పాటు వెళ్లాలి. ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు భరిస్తుంది. 2023 డిసెంబర్‌లో ఆ పరిమితిని 10 లక్షలకు పెంచారు కూడా. కానీ వరంగల్‌కో హైదరాబాద్‌కో పోయివచ్చే బస్సు చార్జీలు, తోడున్న మనిషి తిండి, పోయిన కైకిలి, ఆ తర్వాత నెలనెలా మందులు ఎవరి లెక్కలోనూ ఉండవు. ఇళ్లు రెండోసారి పడేది అక్కడే. నెలకోసారి ఎవరైనా వచ్చి 'మందులున్నాయా, పిల్ల బడికి పోతోందా' అని అడిగితే మళ్లీ పడకముందే తెలుస్తుంది.

మన పెద్దలు వేసిన బాట

ఆపదలో ఇంటికి ఇల్లు అండగా ఉండాలన్న ఈ ఆలోచనకు మన పాత వరంగల్, కరీంనగర్ గడ్డ మీద గట్టి పునాది ఉంది. 1956లో ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి సహకార సంఘం పెట్టి రైతును వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా కాపాడారు. 1990 దశకం మొదట్లో సహవికాస సంస్థ చేయూతతో పాత వరంగల్, కరీంనగర్ పల్లెల్లో మహిళలు పొదుపు సంఘాలు కట్టుకున్నారు. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వాటికి సొంత కాళ్ల మీద నిలబడే హక్కు ఇచ్చింది. ఆ సంఘాలు అభయనిధి అని ఒక ఏర్పాటు చేసుకున్నాయి. అప్పు తీరకుండానే సభ్యురాలు చనిపోతే ఆ అప్పు ఇంటి మీద పడదు, నిధి భరిస్తుంది. తల్లి పోయిన దుఃఖంలో ఉన్న పిల్లల ముందుకు అప్పు పుస్తకం రాకుండా చూసుకున్న ఆ మహిళల ముందుచూపుకు చేతులెత్తి మొక్కాలి.

బాల థెరిసా, ఆంద్రె జింగ్రాస్ దంపతులు నిలబెట్టిన బాలవికాస సంస్థ వరంగల్ కేంద్రంగా 1991 నుంచి పనిచేస్తోంది. తాగునీరు, చెరువుల పూడికతీత పనులు అందరికీ తెలుసు. నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది భర్త పోయిన మహిళల మధ్య ఆ సంస్థ చేసే పని. బొట్టు, గాజులు తీయించి శుభకార్యాలకు దూరం పెట్టే ఆచారాన్ని ఊరి పెద్దల ముందే నిలదీస్తూ వచ్చారు. ఇది ఆచారానికే సంబంధించిన విషయం అనుకోవద్దు. ఎదురు రాకూడదని పక్కన పెట్టిన మనిషికి కూలి పిలుపు కూడా తగ్గుతుంది, పొదుపు సంఘంలో మాట కూడా చెల్లదు. గౌరవం పోతే కూలీ పోతుంది.

బయటి లోకంలోనూ ఇదే కథ. 1846-47 ఆకలి చలికాలంలో జర్మనీలో వెయర్‌బుష్ అనే చిన్న ఊరికి మేయర్‌గా ఉన్న రైఫైజెన్ పేదలకు రొట్టె అందించే సంఘం పెట్టాడు. కొన్నేళ్లకు ఆయనకు అర్థమైంది, ధనవంతుల దానం ఒక్కటే ఎక్కువ కాలం నిలవదని. 1864లో హెడెస్‌డార్ఫ్‌లో సాయం పొందేవాళ్లనే సభ్యులుగా చేసి పరపతి సంఘం కట్టాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో నికల్సన్ నివేదిక ఆ నమూనానే సిఫారసు చేసింది, 1904లో మన దేశంలో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. సాయం పొందిన ఇల్లే రేపు ఇంకో ఇంటికి సాయపడే స్థితికి రావాలి. మా నిధిలో ఇప్పుడు నెలనెలా వంద రూపాయలు వేసేవాళ్లలో ఒకప్పుడు సాయం అందుకున్న ఇళ్లవాళ్లు ఉన్నారు. వాళ్ల వంద రూపాయలు నాకు అన్నిటికన్నా బరువైనవి.

సంస్థలు చేయలేనివి

మంచి మనసు ఎంత ఉన్నా దానం చట్టానికి బదులు కాదు. రైతు బీమా పట్టా ఉన్నవాడికే. కౌలు రైతు పేరు ఎక్కడా ఉండదు. 2018లో రైతు స్వరాజ్య వేదిక, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ విద్యార్థులు కలిసి తెలంగాణలో ఆత్మహత్య చేసుకున్న 692 మంది రైతుల కుటుంబాలను కలిశారు. నూటికి 75 మంది కౌలు రైతులే. అప్పు చేసేది కౌలుదారు, పెట్టుబడి పెట్టేది కౌలుదారు, పురుగు మందు డబ్బా ముందు కూర్చునేదీ అతనే. బీమా మాత్రం భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకు. 2011లో కౌలుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం వచ్చింది గానీ ఆచరణ సాగలేదు. ఆ కార్డులు మళ్లీ రావాలి, బీమా కౌలుదారుకూ వర్తించాలి. కాంట్రాక్టు కార్మికుడి ఇంటికి పర్మనెంట్ కార్మికుడి ఇంటితో సమానమైన రక్షణ రావాలి. ఈ మాట మనలాంటి సంస్థలే గట్టిగా అడగాలి. ఎందుకంటే ఆ ఇళ్లలోకి వెళ్లి చూసింది మనం.

మనం మొయ్యలేని బరువును మోస్తామని కూడా చెప్పకూడదు. పెద్ద జబ్బు వచ్చిన ఇంటికి మా నిధి నుంచి ఖర్చంతా పెట్టలేం, ఆ మాట ముందే చెప్పాం. చేయగలిగింది ఎంతో ముందే చెప్తే ఆ ఇల్లు మనల్ని నమ్ముతుంది. ఆశ పెట్టి చేతులెత్తేస్తే ఆ ఇంటిని రెండుసార్లు కొట్టినట్టు.

చివరగా

ఈ సభకు వచ్చినవాళ్లకు నా విన్నపాలు ఇవి. ప్రతి ఊళ్లో పదిమంది కలిసి ఒక చిన్న నిధి పెట్టండి. మిత్తి తీసుకోవద్దు, పూచీకత్తు అడగొద్దు, రెండు రోజుల్లో నిర్ణయం తీసుకోండి. ప్రతి సంఘంలో కాగితాలు తెలిసిన ఒక మనిషిని, వీలైతే ఒక మహిళను తయారు చేయండి. మీసేవకు, ఏఈఓ దగ్గరికి, బ్యాంకుకు ఆమె ఆ ఇంటి మనిషితో కలిసి వెళ్లాలి. జనగామ కార్యకర్తలు ఈ ఏడాది చెట్టు మీంచి పడి మంచానున్న గీత కార్మికుల ఇళ్లను ఒక్కొక్కటిగా చూడండి. మహబూబాబాద్ వాళ్లు తండాల్లో కౌలు మిరప రైతుల పేర్లు రాసుకోండి. భూపాలపల్లి వాళ్లు కాంట్రాక్టు కార్మికుల ఇళ్లలో బీమా కాగితాలు సరిచూడండి. ఈ రాత్రి ఇంటికి పోయాక మీ సొంత పాసుబుక్కులో నామినీ పేరు చూసుకోండి, మీ పక్కింటివాళ్లనూ చూసుకోమనండి.

మన దగ్గర పెద్ద పైసలు లేవు. కానీ ఎవరింట్లో ఏమైందో పట్నంలోని ఏ కార్యాలయానికన్నా మనకు ముందు తెలుస్తుంది. ఆ ముందు తెలియడమే మన ఆస్తి. దాన్ని వృథా చేయొద్దు. ఇవ్వగలిగినంత ఇద్దాం, నెల లోపే ఇద్దాం, ఇచ్చాక ఏడాది పాటు ఆ ఇంటికి పోతూ ఉందాం. సారు స్మృతికి మనం ఇవ్వగల నివాళి ఇదే.